బీచ్ రోడ్డు టీయూ-142కి 29 ఏళ్లకే సెలవు ఎందుకు, బీ-52 ఇంకా ఎందుకు ఎగురుతోంది: ఖర్చు లెక్క

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. మన విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్‌కి ఎదురుగా పెట్టిన టీయూ-142 విమానాన్ని నేవీ 29 ఏళ్లకే పక్కన పెట్టేసింది, అమెరికా వాళ్ల బీ-52 బాంబర్ మాత్రం 1950ల నాటి డిజైన్ అయినా ఇప్పటికీ ఎగురుతోంది, మరి మనవాళ్లు డబ్బు దండగ చేశారా? రెండోది, అంత పాత విమానాన్ని మేపడం కంటే కొత్తది కొనుక్కోవడం చవక కాదా? ఈ మాట ఎత్తితే చాలామంది "రష్యన్ సరుకు అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది తప్పు. ఎందుకు తప్పో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను నేవీలో విమానాల మెయింటెనెన్స్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరయ్యాక ఎంవీపీ కాలనీలో స్థిరపడ్డాను. కింద రాసే డబ్బు లెక్కలన్నీ అందరికీ తెలిసినవే, హ్యాంగర్ కబుర్లు మాత్రం నా చేతులతో చేసిన పనిలోంచి వచ్చినవి.

బీచ్ రోడ్డు మీద ఉన్నది బాంబర్ కాదు, కానీ బాంబర్ కడుపున పుట్టిందే. రష్యా వాళ్ల టీయూ-95 బాంబర్‌ని సాగదీసి, బాంబుల బదులు సబ్‌మెరైన్లను వెతికే పరికరాలు పెడితే టీయూ-142 అయింది. బీ-52 మొదటిసారి ఎగిరింది 1952 ఏప్రిల్‌లో, టీయూ-95 ఎగిరింది అదే ఏడాది నవంబరులో, రెండూ ఒక ఈడువే. ఆ టీయూ-95 వంశం రష్యాలో ఈ రోజుకీ ఎగురుతోంది. కాబట్టి సరుకు నాసిరకం అనే మాట ఇక్కడే వదిలేద్దాం. మన దగ్గర ఆగిపోవడానికి కారణం వేరే ఉంది, అది డబ్బుకి సంబంధించిందే, కానీ కొన్న ధరకి సంబంధించింది కాదు.

కొన్న ధర అంటే జనం తెగ ఆసక్తి చూపిస్తారు. బీ-52లో చివరి రకం, అంటే ఇప్పుడు ఎగురుతున్న హెచ్ రకం, ఒక్కోటి 2012 ధరల్లో 8 కోట్ల 40 లక్షల డాలర్లు అని అమెరికా వైమానిక దళమే చెబుతుంది. బీ-2 అనే ఆ గబ్బిలం ఆకారం స్టెల్త్ బాంబర్ అయితే ఒక్కోటి 213 కోట్ల డాలర్లు. ఈ రెండో అంకె చూసి అందరూ నోరెళ్లబెడతారు, కానీ అందులో ఒక కిటుకు ఉంది. బీ-2లు 132 కడదామని మొదలుపెట్టారు, సోవియట్ యూనియన్ పడిపోయాక 21 దగ్గర ఆపేశారు. డిజైన్‌కి, పరిశోధనకి, ఫ్యాక్టరీకి, టెస్టింగ్‌కి అప్పటికే పోసిన డబ్బు వెనక్కి రాదు కదా, ఆ మొత్తాన్ని 132 మీద పంచాల్సింది 21 మీద పంచారు. పరిశోధన ఖర్చు పక్కన పెట్టి విమానం ఒక్కదాన్నే లెక్కేస్తే 74 కోట్ల డాలర్ల దగ్గర తేలుతుంది. అదీ తక్కువేం కాదు, కానీ 213 కాదు. ఇప్పుడు వస్తున్న కొత్త బాంబర్ బీ-21కి కనీసం 100 కడతామని మొదటి నుంచీ అంటున్నదీ, ఒక్కోటి సగటున 2010 ధరల్లో 55 కోట్ల డాలర్లు దాటకూడదని ముందే గీత గీసుకున్నదీ ఈ దెబ్బ తిన్నాకే. ఎన్ని చేశారు అన్నదే అసలు అంకె. ఇది గుర్తుపెట్టుకో, చివరి దాకా దీని చుట్టూనే తిరుగుతాం.

ఇక మేపడం సంగతి. పాత విమానం అంటే పాత కారులా ఇంజన్ సరిగ్గా స్టార్ట్ కాకపోవడం, పొగ రావడం అనుకుంటారు. ఇంజన్ పెద్ద తలనొప్పి కాదు, విప్పి ఓవర్‌హాల్‌కి పంపి ఇంకోటి బిగించొచ్చు. బాధంతా ఒంటితోనే, అంటే రెక్క లోపల దూలాల్లాంటి స్పార్లు, పైన కప్పిన స్కిన్, వాటిని పట్టి ఉంచే వేల రివెట్లు. ఎగిరిన ప్రతిసారీ రెక్క పైకి వంగుతుంది, దిగాక కిందికి వాలుతుంది, అలా వేలసార్లు వంగి వంగి లోహం అలసిపోతుంది, మేం ఫెటీగ్ అనేది దాన్నే. మొదట పగులు రాదు. రివెట్ ఒకటి కొంచెం వదులవుతుంది, గాలి వేగానికి అది దాని రంధ్రంలో సన్నగా కదులుతూ అల్యూమినియంని అరగదీస్తుంది, ఆ నల్లటి పొడి గాలి వాలున వెనక్కి చారలా సాగుతుంది. దీపం మసి అంటినట్టు ఉంటుంది. దాన్ని స్మోకింగ్ రివెట్ అంటారు. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని మురికి అనుకుని గుడ్డతో తుడిచేస్తాడు, సీనియర్ అయితే గుడ్డ పక్కన పెట్టి టార్చి తెమ్మంటాడు. మా దగ్గర అలా ఒక చార కనిపిస్తే ఆ చుట్టూ పెయింట్ తీసి, ఎర్రటి డై పూసి, తుడిచి, పైన తెల్లటి డెవలపర్ కొట్టి కూర్చునేవాళ్లం. పగులు ఉంటే ఆ తెలుపులోంచి ఎర్రటి గీత, తల వెంట్రుక కంటే సన్నంగా, మెల్లగా పైకి తేలుతుంది. ఆ గీత తేలిందంటే ఆ నెల మా ప్లాన్ మొత్తం మారిపోయేది.

మన తీరంలో దీనికి ఉప్పు తోడవుతుంది. బీచ్ పక్కన ఇల్లున్న వాళ్లకి చెప్పక్కర్లేదు, ఏసీ బయటి యూనిట్, కిటికీ గ్రిల్ ఎన్నేళ్లు ఉంటాయో. ఇనుము ఎర్రగా తుప్పు పడితే కంటికి కనబడుతుంది, అల్యూమినియం అలా కాదు, పెయింట్ కింద తెల్లటి పొడిలా మొదలై, లోపల్లోపల పొరలు పొరలుగా విడిపోయి ఉబ్బుతుంది, అచ్చం మడత కాజాలా. ఒకసారి మేం ఫ్లోర్ ప్యానెల్ ఎత్తి చూస్తే దూలానికి ఆ కాజా పొరలే, వేలితో నొక్కితే ఊడి చేతికొచ్చాయి. పై నుంచి చూస్తే ఆ విమానానికి ఏ లోపమూ లేదు. సముద్రం మీద తక్కువ ఎత్తులో గంటల తరబడి తిరిగే విమానాన్ని దిగాక మంచినీళ్లతో కడగాలి, ఇంజన్లలోకీ నీళ్లు కొట్టాలి, ఇది ఒక రోజు మానినా తర్వాత ఏళ్లపాటు కట్టుకోవాల్సి వస్తుంది.

పని కంటే పెద్దది సామాను. దీనికి నా అనుభవంలోది ఒకటి చెబుతాను. ఏ స్క్వాడ్రన్, ఏ విమానం అన్నది వద్దు. ల్యాండింగ్ గేర్ దగ్గర హైడ్రాలిక్ లీకు వచ్చింది, విప్పితే అరచేతిలో పట్టేంత రబ్బరు సీల్ ఒకటి పోయింది. స్టోర్స్‌లో లేదు. విదేశీ సరఫరాదారుకి ఆర్డర్ పెట్టాం, విమానాన్ని జాకీల మీద ఎత్తి ఉంచాం. నెలలు గడిచాయి. చివరికి పెట్టె వచ్చింది, అందరం చుట్టూ చేరి విప్పితే అందులో ఉన్న సీల్ సైజు వేరు. మళ్లీ కాగితాలు, మళ్లీ నెలలు. ఈలోపు ఆ విమానంలోంచి ఒక పంపు పక్క విమానానికి పీకాం, ఒక జనరేటర్ ఇంకోదానికి, కాక్‌పిట్‌లో గడియారం లాంటి మీటర్లు రెండు మరోదానికి. సీల్ వచ్చేసరికి ఆ విమానం సగం డొల్ల. ఒక్కటి నిలబడితే మిగతావి దాన్ని పీక్కుతింటాయి, ఇలా తీసి అలా పెట్టడంలో ప్రతి పనీ రెండుసార్లు చెయ్యాలి. ఆ సీల్ ఖరీదు ఎంతనుకున్నావు, ఆ రోజుల్లో మంచి సైకిల్ అంత కూడా లేదు. నాకు ఇప్పటికీ ఆ తప్పు సైజు పెట్టె విప్పిన సాయంత్రం తలుచుకుంటే కోపం వస్తుంది.

తర్వాత మనుషులు. సామానుకి ధర వేస్తారు గానీ తెలిసిన మనిషికి ఎవరూ ధర వెయ్యరు. 2008 ఫిబ్రవరి 23న గువామ్ దీవిలో బీ-2 ఒకటి టేకాఫ్ అవుతూ కూలిపోయింది, పైలట్లు ఇద్దరూ సీట్లతో సహా బయటికి ఎగిరి బతికారు, 140 కోట్ల డాలర్ల విమానం కాలి బూడిదైంది. కారణం తేమ. గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్లలోకి తేమ చేరింది, ఆ తడి మీదే వాటిని సరిచేశారు, తర్వాత తేమ ఆరిపోయింది, కంప్యూటర్‌కి తప్పుడు వేగం, తప్పుడు కోణం వెళ్లాయి. విచారణలో తేలింది ఏంటంటే, ముందు హీటర్ వేసి తడి ఆరనిచ్చి ఆ తర్వాత సరిచెయ్యాలన్న చిట్కా అంతకుముందే కొందరు టెక్నీషియన్లకు తెలుసు, కానీ అది పుస్తకంలోకి ఎక్కలేదు, అందరికీ చేరలేదు. ఒకరి నోట్లో ఆగిపోయిన మాట ఖరీదు అది. ఉన్న విమానాలు కొద్దే అయితే తెలిసినవాళ్లు కొద్దిమందే ఉంటారు, వాళ్లు బదిలీ అయినా రిటైరైనా ఆ తెలివి గేటు దాటి వెళ్లిపోతుంది.

ఇప్పుడు బీ-52 దగ్గరికి రా. మొత్తం 744 కట్టారు. చివరిది 1962 అక్టోబరులో ఫ్యాక్టరీ దాటింది, ఇప్పుడు 76 మిగిలాయి. ఆ 76 వెనక ఏముందో చూడు. ఓక్లహోమాలో ఒక పెద్ద డిపో, అక్కడ ఒక్కో విమానం నాలుగేళ్లకోసారి చేరుతుంది, విప్పి ఒళ్లంతా చూసి, పోయింది మార్చి పంపుతారు. అరిజోనా ఎడారిలో పక్కన పెట్టిన విమానాల యార్డు, వాన లేదు, ఉప్పు గాలి లేదు, కావాల్సిన భాగం అక్కడి నుంచి పీక్కొస్తారు. భాగాలే కాదు, విమానాన్నే తెచ్చారు. గోస్ట్ రైడర్ అని పేరున్న బీ-52ని ఏళ్లపాటు ఆ ఎండలో ఉన్నాక 2015లో లేపి మళ్లీ ఎగరేశారు, వైజ్ గై అనే ఇంకోదాన్ని 2019లో. మన దగ్గర అలా ఆరుబయట వదిలేస్తే ఏమయ్యేదో పైన మడత కాజా దగ్గరే చెప్పాను.

ఇంకో అదృష్టం కూడా ఉంది దానికి. దాని డిజైనర్లు లెక్కలు వేసింది కంప్యూటర్‌తో కాదు, స్లైడ్ రూల్ అనే జరిపే స్కేలుతో, సందేహం వచ్చిన చోటల్లా లోహం మందంగా వేశారు. కోల్డ్ వార్‌లో చాలా ఏళ్లు అణుబాంబులు ఎత్తుకుని నేల మీద సిద్ధంగా నిలబడటమే దాని డ్యూటీ, అంచేత వయసు పెరిగినంతగా ఎగిరిన గంటలు పెరగలేదు. రెక్క పైభాగం స్కిన్‌కి 32,500 నుంచి 37,500 గంటల దాకా ఆయువు ఉందని లెక్క, అది ఇంకా చాలా మిగిలి ఉంది. విమానం వయసు పుట్టిన తేదీతో కాదు, ఎగిరిన గంటలతో, వంగిన సార్లతో లెక్కపెట్టాలి. బీ-1 అనే ఇంకో అమెరికా బాంబర్ దానికంటే పాతికేళ్లు చిన్నది, కానీ కదిలే రెక్కలు, పశ్చిమాసియా యుద్ధాల్లో విపరీతమైన వాడకం, ఒళ్లు హూనమైపోయింది. మిగతా 45కి డబ్బు సరిపోవాలని 2021లో 17 విమానాలను ఏకంగా ఇంటికి పంపేశారు. అందుకే చిన్నది ముందు వెళ్లిపోతుంది, పెద్దది ఉండిపోతుంది.

బీ-52కి ఇప్పుడు కొత్త ఇంజన్లు వేస్తున్నారు. 2021లో రోల్స్ రాయిస్‌కి ఇచ్చిన కాంట్రాక్టు 260 కోట్ల డాలర్ల దాకా వెళ్తుంది, విమానానికి 8 చొప్పున 608 ఇంజన్లు, పైన స్పేర్లు. నాలుగు పెద్ద ఇంజన్లు పెట్టొచ్చు కదా అని నువ్వు అడుగుతావు, నేనూ అడిగాను ఒకప్పుడు. రెక్క చివర పెద్ద ఇంజన్ ఒకటి ఆగిపోతే విమానం పక్కకి తిరిగిపోతుంది, దాన్ని నిలబెట్టే బలం తోక మీద ఉండే ఈ రడ్డర్‌కి లేదు, పైగా పెద్ద ఇంజన్ నేలకి తగిలేలా ఉంటుంది. నాలుగుకి మారాలంటే తోక, రెక్క అన్నీ మార్చాలి, అప్పుడు కొత్త విమానం కట్టినట్టే. ఈ కొత్త ఇంజన్లతో 30 శాతం దాకా ఇంధనం ఆదా అంటున్నారు. ఒంట్లో దాదాపు 1,41,000 కిలోల ఇంధనం పట్టే విమానానికి అది పెద్ద మాటే. కానీ మెయింటెనెన్స్ వాడిగా నన్ను ఆకట్టుకుంది ఇంకొకటి: విమానం మిగిలిన జీవితకాలమంతా ఈ ఇంజన్‌ని ఓవర్‌హాల్ కోసం రెక్క నుంచి దించాల్సిన పని ఉండకూడదన్నది లక్ష్యం. అది నిజమైతే అసలు ఆదా అక్కడ. కొత్త రాడార్ కూడా పెడుతున్నారు, దాని ఖర్చు అంచనా దాటి పోయింది. పాత ఒంటికి కొత్త పరికరం అతికించినప్పుడల్లా ఇది జరుగుతుంది, పాత వైరింగ్ ఎక్కడెక్కడ వెళ్తోందో విప్పే దాకా తెలియదు.

ఎగిరే గంటకి ఇంత అని చెప్పే అంకెలు నువ్వు చూసే ఉంటావు. బీ-52కి గంటకి సుమారు 70 వేల డాలర్లు, బీ-2కి దానికి రెట్టింపు దాకా అని. ఈ అంకెలను జాగ్రత్తగా చూడాలి. మన ఫిషింగ్ హార్బర్ బోటునే తీసుకో. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, బోటు జెట్టీ దగ్గర కట్టేసి ఉంటుంది, ఒక్క చేప రాదు. కానీ అప్పు మీద వడ్డీ ఆగదు, అడుగు గోకించాలి, రంగు వెయ్యాలి, ఇంజన్ పని చేయించాలి, అవన్నీ ఆ రోజుల్లోనే పడతాయి. ఏడాది ఖర్చుని ట్రిప్పుల మీద పంచితే, తక్కువ ట్రిప్పులు తిరిగిన బోటే ఖరీదైన బోటులా కనిపిస్తుంది. విమానమూ అంతే. హ్యాంగర్, జీతాలు, స్టోర్స్, శిక్షణ, ఇవి ఎగిరినా ఎగరకపోయినా ఉంటాయి. బీ-2కైతే ఒంటి పూత పాడవకుండా హ్యాంగర్‌కే ఏసీ పెట్టాలి. ఉన్నవి ఇరవైకి మించవు, అన్నీ ఒకేసారి ఎగరవు, గంటలు తక్కువ, కాబట్టి గంట ఖరీదు ఎక్కువ.

ఇప్పుడు మన టీయూ-142. 1988లో వచ్చాయి, మొత్తం 8. మూడేళ్లు తిరిగేసరికి వాటిని చేసిన దేశమే విడిపోయింది. ఇంజన్లు చేసిన ఊరు సమారా, విమానం కట్టిన ఊరు టగన్‌రోగ్, అక్కడి తయారీ లైన్ 1994లో మూతపడింది. పెద్ద ఓవర్‌హాల్‌కి మనవి అంత దూరం వెళ్లి రావాలి. ఒకటి అక్కడ, ఒకటి జాకీల మీద, ఒకటి స్పేర్ల కోసం ఎదురుచూస్తూ, ఎనిమిదిలో రోజూ చేతికొచ్చేవి ఎన్నో నువ్వే ఊహించుకో. ఆ ఇంజన్ మామూలుది కాదు, ఒక్కోటి 15 వేల హార్స్‌పవర్, ముందూ వెనకా రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, వాటి గేర్‌బాక్స్‌ని విప్పి బిగించగలిగే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. అయినా మనవాళ్లు 2017 మార్చి 29న అరక్కోణంలో వీడ్కోలు చెప్పే దాకా 29 ఏళ్లలో 30 వేల గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగరేశారు. ఈ మాట రాసేటప్పుడు నా గుండె నిండుతుంది. డబ్బు దండగ అన్నవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

మనకి ఎక్కువకాలం నడపడం రాదనీ కాదు. కాన్‌బెర్రా బాంబర్‌ని మన వైమానిక దళం 1957 నుంచి 2007 దాకా నడిపింది, నిండా యాభై ఏళ్లు.

పాత డిజైన్ మంచిదైతే అదే మళ్లీ కొత్తగా కట్టొచ్చు కదా అని కూడా అంటారు. రష్యా ఆ పనే చేస్తోంది, టీయూ-160 బాంబర్‌ని మళ్లీ మొదలుపెట్టింది, 2018లో 10 విమానాలకు 16,000 కోట్ల రూబుళ్ల కాంట్రాక్టు. ముందు చెయ్యాల్సి వచ్చింది విమానం కాదు, కజాన్ ఫ్యాక్టరీలో టైటానియంని వాక్యూమ్‌లో వెల్డింగ్ చేసే ఏర్పాటుని తిరిగి నిలబెట్టడం. కొత్తగా కట్టిన మొదటిది ఎగిరేసరికి 2022 జనవరి వచ్చింది. లైన్ ఆగిపోయిన విమానం పోతే పోయినట్టే. 2025 జూన్ 1న ఉక్రెయిన్ చిన్న చిన్న డ్రోన్లతో రష్యా స్థావరాల్లో టీయూ-95లను, టీయూ-22లను తగలబెట్టింది, వాటి బదులు కట్టడానికి ఈ రోజు ఏ ఫ్యాక్టరీ లేదు. ఆ నష్టాన్ని ఏ ధరలో రాస్తావు?

నీ రెండో ప్రశ్నకి జవాబు ఇప్పుడు సూటిగా చెప్పొచ్చు. పాతదాన్ని మేపడం చవకా, కొత్తది చవకా అన్నది దాని వెనక స్పేర్లు, డిపో, తెలిసిన మనుషులు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి. అమెరికాకి బీ-52 విషయంలో ఆ మూడూ ఉన్నాయి, మేపుతోంది. మనకి టీయూ-142 విషయంలో ఆ మూడూ వేరే దేశంలో ఉండిపోయాయి. టీయూ-142 బదులు నేవీ అదే పని చేసే బోయింగ్ పీ-8ఐ తీసుకుంది, 2009లో 8 విమానాలకు 210 కోట్ల డాలర్లు, తర్వాత ఇంకో 4. ఖరీదైనదే, కానీ దాని ఒళ్లు బోయింగ్ 737ది. మన ఎయిర్‌పోర్టులో రోజూ దిగే ప్రయాణికుల విమానాల కుటుంబం, ప్రపంచంలో పది వేలకు పైగా కట్టారు. దాని టైరు, బ్రేకు, ఇంజన్ భాగం ప్రపంచంలో ఎక్కడో ఒక చోట షెల్ఫ్ మీద ఉంటాయి. నేను ఎదురుచూసిన ఆ సీల్ కోసం ఇప్పటి కుర్రాళ్లు నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు.

ఈసారి బీచ్ రోడ్డుకి వెళ్తే టీయూ-142 లోపలికి ఎక్కి సెల్ఫీ దిగి వచ్చెయ్యకు. అది 2017 ఏప్రిల్‌లో ఇక్కడి నేవీ విమాన స్థావరం డేగా రన్‌వే మీద తనంతట తానే దిగింది, అక్కడే విప్పి, ముక్కలుగా ట్రైలర్ల మీద బీచ్‌కి తెచ్చి మళ్లీ బిగించారు. ముందు రెక్క కింద నిలబడి తలెత్తి, రివెట్ల వరసలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పోతున్నాయో చూడు. ఒక అడుగు పొడవులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రెక్క పొడవుతో హెచ్చవేసి చూసుకో. వాటిలో ప్రతి ఒక్కదాన్నీ ఎవరో ఒకరు టార్చి పట్టుకుని, మెడ నొప్పెట్టేలా, ఏళ్ల తరబడి చూశారు. ఆ తర్వాత పక్కనున్న ఎగ్జిబిషన్ హాల్లోకి వెళ్లు, ఇంజన్ అక్కడ ఉంది.